కావలి వాళ్ళ సొమ్ము

ఊరూరి చరిత్రలకు పెట్టిన 'మెకంజీ కైఫియత్తులు' అనే పేరు ఇక నా నోట రాదు.

సింగరాయకొండ స్టేషన్లో నిలబడి కావలి ఎంత దూరమని అడిగితే పల్లీలమ్మేవాడు కూడా చెబుతాడు. కావలి వెంకట బొర్రయ్య ఎవరని అడగండి, ఆ ఊళ్ళో స్టేషన్ మాస్టరేమో అంటారు. పల్లీలమ్మేవాడి సంగతి సరే, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాళ్ళదీ అదే వరస.

మొన్నామధ్య ఒక సభలో వక్తగారు కాలిన్ మెకంజీని తెలుగువాడి చరిత్రకు ప్రాణభిక్ష పెట్టిన దొర అని కీర్తించాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

దొర సంగతి ముందు చెప్పాలి. స్కాట్లాండు పక్కన లూయిస్ అనే దీవిలో 1754లో పుట్టాడు. 1783లో మద్రాసులో దిగాడు. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే నెల్లూరు, గుంటూరు సీమల్లో ఇంజనీరుగా తిరిగాడు. 1797లో అమరావతి దిబ్బ చూశాడు. టిప్పు పడిపోయాక మైసూరు దేశాన్ని, సుమారు 40,000 చదరపు మైళ్ళు, పదేళ్ళపాటు కొలిచాడు. 1815లో దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర పోయాడు. ఓపిక గలవాడు, పనిమంతుడు. కాదనను.

కాని ఆయనకు మన భాషలు రావు. ఈ మాట నాది కాదు, ఆయనే 1817లో ఒక మిత్రుడికి ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. తెలుగు రానివాడు తెలుగు కైఫియత్తులు ఎలా సేకరించాడయ్యా? శాసనం ఎవరు చదివారు? కరణం చావడి అరుగు మీద కూర్చుని ఊరి సంగతులు రాసిన దండకవిలె విప్పించిందెవరు?

ఏలూరు నుంచి వచ్చిన నియోగుల పిల్లవాడు బొర్రయ్య. 1796లో దొర కొలువులో చేరాడు. హళెగన్నడ, అంటే పాత కన్నడ, శాసనాల గుట్టు విప్పాడు. ఏ ఊళ్ళో ఎవర్ని ఏమడగాలో దొరకు నేర్పింది ఆ కుర్రాడే. 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని తలకెత్తుకుని దొర పోయేదాకా నడిపించాడు. నారాయణరావు, ఆనందరావు లాంటి వాళ్ళు ఊరూరా తిరిగారు. గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికి ఎంత, పొలిమేర ఎక్కడ అని రాయించారు. 'దొర ఇదంతా ఎందుకడుగుతున్నాడు, మాన్యాలు ఊడబీకడానికా' అని కరణాలు బెదిరారు. ఆ బెదురు తప్పేం కాదు, కంపెనీ ఊరికే ఎవరి కథా వినదు. అందుకే కైఫియత్తుల్లో నిజాల పక్కన మాన్యం నిలబెట్టుకోవడానికి అల్లిన కోతలూ ఉన్నాయి. అవీ మనవే.

మద్రాసులో థామస్ హికీ 1816లో దొర బొమ్మ వేశాడు. ఎర్రకోటు దొర మధ్యలో ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు, ఒకరి చేతిలో తాటాకు కట్ట, ఒకరి దగ్గర దుర్భిణి. వీళ్ళలో లక్ష్మయ్య ఎవరన్నది పండితులు ఊహించి చెప్పాల్సిందే. పక్కన నిలబెట్టుకున్నారు గాని పేరు రాయడానికి రంగు చాల్లేదు కాబోలు.

దొర పోయాక సరుకు లెక్కపెట్టారు. 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు. కంపెనీ లక్ష రూపాయలకు కొనుక్కుంది. సొమ్ము దొర భార్యకు ముట్టింది. 1828లో విల్సన్ అనే పండితుడు ఆ సరుకు జాబితా అచ్చువేశాడు. సరుకు లండన్‌కు కొంత, కలకత్తాకు కొంత, మద్రాసుకు కొంత చీలిపోయింది.

అసలు మంట ఇక్కడ. ఆగిపోయిన పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. ప్రతి కట్టలో ఏముందో తెలిసిన మనిషి. 1830లలో ఆ అర్జీ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకెళ్ళింది. అక్కడ జేమ్స్ ప్రిన్సెప్ పెద్దమనిషి. ఈ పనికి లక్ష్మయ్య అర్హత చాలదని తేల్చారు. కూర్చే చేతులుగా పనికొచ్చాడు, అర్థం చెప్పే బుర్రగా పనికిరాడట! మద్రాసులో ఉన్న విలియం టేలర్ అనే పాదిరికి ఆ పని అప్పగించారు. వండినవాణ్ణి వాకిట్లో నిలబెట్టి, విస్తరి ముందు కూర్చున్నవాడిని రుచి చెప్పమన్నట్టుంది.

ఆ ఇంటి వాళ్ళకు బుర్ర లేదంటారా? ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు. వీరేశలింగంగారి కవుల చరిత్రకు ఎన్నో దశాబ్దాల ముందు. అందులో అన్న బొర్రయ్యకూ చోటిచ్చాడు. ఇంకెవరూ ఇవ్వరని తెలిసే ఇచ్చి ఉంటాడు.

'దొర డబ్బు పెట్టకపోతే ఆ కవిలెలన్నీ చెదలపాలయ్యేవి కదా' అంటారు. అయ్యేవే. అయితే ఒకటడుగుతాను. జీతమిచ్చినవాడిదే పుస్తకమైతే ఆంధ్ర మహాభారతాన్ని రాజరాజనరేంద్రుడి భారతం అనాలి. నన్నయ పేరెందుకు తలుస్తున్నాం? వెయ్యేళ్ళ కిందటి రాజు దగ్గర వర్తించిన న్యాయం రెండొందల ఏళ్ళ కిందటి దొర దగ్గర ఎందుకు చచ్చిపోయింది?

దొరల్ని అనడం తేలిక. మనల్ని మనం అనుకోవడానికే నోరు రాదు. కావలి సోదరులకైనా ఇంటిపేరు మిగిలింది. భూమి కొలిచే గొలుసు పట్టినవాడి మాటేమిటి? గుంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. మనం లక్షలు పోసి కొనే సెంటు వెయ్యి చదరపు లింకులు. ఆ లెక్క అక్కణ్ణించి వచ్చిందే. వానపడ్డ నల్లరేగడిలో ఆ గొలుసు లాగితే అడుగు తీసి అడుగు పడదు. జెండా పట్టడానికీ తుప్పలు కొట్టడానికీ రాళ్ళు మొయ్యడానికీ పల్లె నుంచి వెట్టివాణ్ణి పంపేవాళ్ళు. ఊరి పుట్టుక నుంచి చింతచెట్ల దాకా రాసిన కరణం గంటానికి వాడు కనపడలేదు. ఆ కరణాల మనవళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం, నాతో సహా.

ఇప్పుడు మారిందా? 2020లో ఆంధ్రప్రదేశ్ అంతా భూముల రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి. పాతిన హద్దురాళ్ళ మీద ఏలినవారి పేరు చెక్కారు, పాసుపుస్తకాల మీద బొమ్మ వేశారు. పొలం రైతుది, రాయి కొండది, పేరేమో కుర్చీలో కూర్చున్నవాడిది! తరవాతొచ్చినవాళ్ళు ఆ పేరు తీయించే పనిలో పడ్డారు. మిరపచేలో ఎండకు మాడుతూ ఆ రాయి పాతిన కూలీ పేరు చెక్కాలని మాత్రం ఈ పక్షానికీ తోచలేదు, ఆ పక్షానికీ తోచలేదు.

కడపలో బ్రౌన్ పేరు పెట్టుకున్న కేంద్రం ఉంది. కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చువేసి పుణ్యం కట్టుకుంది. గుంటూరు సీమవీ అచ్చయ్యాయి. వేసినవాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. కాని ఎవరు వేసినా మనం పిలిచేది మెకంజీ కైఫియత్తులనే. ఆ కాగితాల్లో ఉన్నది తెలుగు, చెప్పినవాడు తెలుగు కరణం, రాయించినవాళ్ళు కావలి సోదరుల మనుషులు. రేపు కొత్త ముద్రణ వేస్తారు కదా, అట్ట మీద 'కావలి కైఫియత్తులు' అని వెయ్యండి. దొర పేరు లోపలి పేజీలో, డబ్బిచ్చిన దాతల వరసలో పెట్టండి. అక్షరాలు కూడా అన్నే, సిరా ఎక్కువేం పట్టదు.