ఉచిత విద్యుత్తు, ఆటో స్టార్టరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. ధర తొలగింది, వేళల పరిమితి మాత్రం మిగిలింది. రోజుకు ఏడు గంటల సరఫరా, అదీ విడతలుగా, తరచు రాత్రివేళ. చీకట్లో గట్ల వెంట నడిచి, తడి నేలపై నిలిచి స్విచ్ వేయడంలో పాముకాటు, విద్యుదాఘాతం వంటి ప్రమాదాలున్నాయి. ఆటో స్టార్టరు వాడకం పెరిగింది అందువల్లనే. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. మడి నిండినా కరెంటు పోయేవరకు ఆగదు. ఒక ఫీడరు కింది మోటార్లన్నీ ఒకేసారి కదలడం వల్ల ట్రాన్స్‌ఫార్మరుపై భారం పెరిగి, వోల్టేజీ పడిపోతుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైంది. అప్పుడు ఆటో స్టార్టర్లను తొలగించుకోవాలని ప్రభుత్వమే ప్రచారం చేయవలసి వచ్చింది. సరఫరాపై నమ్మకం కుదరని రైతు వెంటనే తొలగించకపోవడంలో వింతేమీ లేదు.

పంపుసెట్టు ఎంపికలోనూ ఇదే లెక్క. స్టార్ గుర్తుగల పంపు ఆదా చేసే యూనిట్ల వల్ల రైతుకు రూపాయి మిగలదు. మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చు పూర్తిగా అతనిదే. కనుక లో వోల్టేజీని తట్టుకునే మోటారునే కోరుకుంటాడు. దీనిని అవగాహనా లోపమనడం న్యాయం కాదు.

వరి మడిని ఆరబెట్టి తిరిగి తడపమని సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్త, తడి పెట్టవలసిన రోజున కరెంటు ఏ వేళకు వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. క్షేత్ర ప్రదర్శనల నమోదు పత్రంలో విత్తన మోతాదు, ఎరువుల పక్కన ఫీడరు వేళలకు, రీవైండింగ్ ఖర్చుకు కూడా గడులుండాలి.