గ్రీన్ టీ క్యాన్సర్‌ని చంపేస్తుందా?

మొన్న ఆదివారం పిన్నిని చూడ్డానికి వెళ్లా. ఆవిడకి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్. చికిత్స సగంలో ఉంది. మందుల పక్కనే ఓ కొత్త డబ్బా కనిపించింది. గ్రీన్ టీ సారంతో చేసిన క్యాప్సూల్స్!

“ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారు కదరా, క్యాన్సర్ కణాల్ని చంపేస్తుందట” అంది. డాక్టర్‌కి చెప్పావా అనడిగితే, “ఆకే కదా నాన్నా, దీనికీ చెప్పాలా?” అంది.

ఆ ఫార్వర్డ్ పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. సగం నిజం కాబట్టే చిక్కు.

ఆ సగం నిజం ఏంటంటే, తేయాకులో కెటెకిన్లు అనే పదార్థాలుంటాయి. వాటిలో ముఖ్యమైంది ఈజీసీజీ. గ్రీన్ టీలో ఇది ఎక్కువ. మనం పాలు పోసి మరిగించే టీపొడి తయారీలో ఆకు గాలి తగిలి నల్లబడుతుంది. అప్పుడు కెటెకిన్లలో చాలావరకు థియాఫ్లేవిన్ల లాంటి వేరే పదార్థాలుగా మారిపోతాయి. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఈజీసీజీ వేస్తే వాటి పెరుగుదల తగ్గింది, కొన్ని చచ్చిపోయాయి కూడా. ఇది నిజమే.

కానీ ల్యాబ్‌లో వాడే మోతాదు వేరు. మనం కప్పు టీ తాగితే అందులోంచి రక్తంలోకి చేరేది చాలా చాలా తక్కువ. మరి మనుషుల మీద ఏం తేలింది? 2020లో కోక్రేన్ సంస్థ 142 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూసింది. వాటిలో పాల్గొన్నవాళ్లు 11 లక్షల మందికి పైనే. గ్రీన్ టీ తాగితే క్యాన్సర్ రాదని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదు. ఒక అధ్యయనం అవునంటే ఇంకోటి కాదంది.

ఇప్పుడు పిన్ని సంగతికొద్దాం. ఆవిడకి ఇచ్చే ఇంజెక్షన్ పేరు బోర్టెజోమిబ్. 2009లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఈ మందుకి ఈజీసీజీ తోడైతే ఇంకా బాగా పనిచేస్తుందేమోనని చూశారు. జరిగింది రివర్స్! ఈజీసీజీ నేరుగా ఆ మందునే పట్టేసుకుంది. క్యాన్సర్ కణాలు చావకుండా బతికిపోయాయి. ఇది కణాల్లోనూ, ఎలుకల్లోనూ చూసిన విషయమే. అయినా ఆ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు రిస్క్ ఎందుకు తీసుకోవాలి?

క్యాప్సూల్స్‌తో ఇంకో తంటా ఉంది. సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీ తీసుకుంటే లివర్ దెబ్బతినే సూచనలు కనిపించాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కప్పులో తాగే టీకీ, గుళికలో కుక్కిన సారానికీ తేడా ఇదే.

అలాగని టీ మానేయక్కర్లేదు. అయితే పొగలు కక్కుతుండగా గటగటా తాగే అలవాటుంటే మాత్రం మార్చుకోండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చని 2016లో డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తప్పు టీది కాదు, వేడిది. ఇరానీ చాయ్ అయినా, అల్లం టీ అయినా కాసేపు ఆగి తాగితే పోయేదేం లేదు.

పిన్ని నా ముందే డాక్టర్‌కి ఫోన్ చేసింది. క్యాప్సూల్స్ వెంటనే ఆపేయమన్నారు. “ముందే అడగాల్సింది” అని డబ్బా నా చేతిలో పెట్టి, నాకోసం టీ పెట్టడానికి లేచింది.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాంటి చికిత్సలో ఉంటే ఈరోజే ఒక మాట అడగండి: డాక్టర్‌కి చెప్పకుండా ఇంకేమైనా వాడుతున్నారా? ఆకే కదా, పొడే కదా అని వదిలేయకండి.