పిట్ట వెనక ఇనుప స్టాండు ఉంటే తప్పేమిటి?



ఈ వార్షికోత్సవ సంచికకు కవితలు, వ్యాసాలు ఎంపిక చేసేటప్పుడు సంపాదకవర్గంలో రాని గొడవ పక్షుల ఫోటోల దగ్గర వచ్చింది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు సైన్సు మాస్టారి వెంట వెళ్ళిన మన పిల్లలు తెచ్చిన వాటిలో ఒక ఫోటో అందరికీ నచ్చింది. గూడబాతు (పెలికాన్ అన్నా ఇదే) రెక్కలు సగం విప్పి వాలుతోంది. అయితే అది వాలుతున్నది చెట్టు కొమ్మ మీద కాదు, చెరువులో పాతిన ఇనుప స్టాండు మీద. వెనక కరెంటు స్తంభం, తీగలు. “అవి చెరిపేస్తే ముఖచిత్రం అదిరిపోతుంది” అని సగం మంది, “ఉన్నది ఉన్నట్టే వేద్దాం” అని సగం మంది. రెండు రోజులు వాదించుకున్నాక ఉన్నది ఉన్నట్టే వేయాలని తీర్మానించాము. అలా ఎందుకు అనుకున్నామో నలుగురికీ చెప్పడం మా బాధ్యత.

చెరిపేద్దామన్న మిత్రుల మాట కొట్టిపారేసేది కాదు. చూసేవాడి కన్ను పిట్ట కంటే ముందు స్తంభం మీదికి పోతుందన్నది నిజమే. పైగా ఇప్పుడది కష్టమైన పనీ కాదు. 2021లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మ్యాజిక్ ఎరేజర్ వచ్చింది, 2023 నుంచి ఫోటోషాప్ లేని ఆకాశాన్ని కూడా తానే కల్పించి నింపుతోంది. సలీం అలీ గారు 1941లో వేసిన పక్షుల పుస్తకంలోని బొమ్మల్లో స్తంభాలున్నాయా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. కాని అవి పిట్టను గుర్తుపట్టడానికి వేసిన బొమ్మలు. బొమ్మను ఎవరూ బొమ్మ కాదనుకోరు. ఫోటో కింద మనం “ఉప్పలపాడు” అని ఊరి పేరు వేస్తాము. ఆ పేరు వేశాక అది సాక్ష్యం అవుతుంది.

ఇంతకీ ఆ ఇనుప స్టాండు అక్కడ ఎందుకుంది? గూడబాతులు, రంగుల కొంగలు నీటి దగ్గర చెట్ల మీద గుంపులుగా గూళ్ళు కడతాయి. ఏళ్ళ తరబడి రెట్టలు పడి ఆ చెట్లే ఎండిపోతుంటాయి. పిట్టలు పెరిగి చెట్లు చాలని చోట స్టాండ్లు పాతుతారు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలోనూ గూడబాతులు ఇలాంటి స్టాండ్ల మీదే గూళ్ళు పెట్టి పిల్లలను పెంచుతున్నాయి. అదే నేలపట్టులో అయితే నీళ్ళలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద కడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్ళోని చెట్ల మీదే కడతాయి. పిట్ట ఒకటే, బతుకు మూడు చోట్ల మూడు రకాలు. స్టాండు చెరిపి కొమ్మ అతికిస్తే మన ఉప్పలపాడు ఫోటో నేలపట్టు ఫోటో అయి కూర్చుంటుంది. రేపు ఎవరైనా “స్టాండ్లు పాడయ్యాయి, కొత్తవి వేయండి” అని అడగాలంటే అక్కడ స్టాండ్లు ఉన్నాయని ఫోటోలో కనబడాలి కదా!

తీగల సంగతి ఇంకా పెద్దది. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారు (2022 నుంచి అది నంద్యాల జిల్లాలో ఉంది). ఒక్కో మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. కళ్ళు పక్కలకు ఉండటం వల్ల ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడినా అంత బరువుతో చప్పున పక్కకు తిరగలేదు. తీగలకు తగిలి ఇవి చనిపోతున్నాయనే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో వీలైన చోట తీగలను భూమిలో వేయాలని చెప్పింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘాన్ని వేసింది. అంత దూరం పోయిన తీగ మన ఫోటోలో మాత్రం “అందాన్ని చెడగొట్టే గీత” అయిపోయింది!

అన్ని పిట్టలకూ తీగ శత్రువు కాదులెండి. పాలపిట్టకు అది కుర్చీ. పైన కూర్చుని నేల మీద పురుగు కదిలితే ఒక్క ఉదుటున దిగుతుంది. ఆ తీగను చెరిపితే పాలపిట్ట గాలిలో కూర్చోవాలి.

అయితే వెనక ఏముంటే అది పడనివ్వాలనీ మేము అనడం లేదు. మీట నొక్కక ముందు ఎన్ని తంటాలైనా పడవచ్చు. రెండడుగులు పక్కకు జరిగితే స్తంభం పిట్ట వెనక నుంచి తప్పుకుంటుంది. నేల మీద పడుకుని తీస్తే వెనక గోడ పోయి ఆకాశం వస్తుంది. పెద్ద లెన్సు ఉంటే వెనకదంతా మసకబారుతుంది. అంచులు కత్తిరించడం, వెలుతురు సరిచేయడం కూడా మాకు సమ్మతమే. “కత్తిరించినా స్తంభం పోయినట్టే కదా?” అని వాదించిన వాళ్ళున్నారు. కత్తిరిస్తే తక్కువ చూపిస్తాము, చూపించినది మాత్రం అక్కడ ఉన్నదే. చెరిపితే అక్కడ లేనిది చూపిస్తాము. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వన్యప్రాణి ఫోటో పోటీ నియమాలు కూడా ఇలాంటివే. అంచులు కత్తిరించవచ్చు గాని ఉన్న వస్తువును తీసేయకూడదు. ఫియాప్, అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీ, రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి రాసుకున్న ప్రకృతి ఫోటో నిర్వచనంలో మనిషి చేసిన వస్తువులు ఉండకూడదనే ఉంది, కాని ఆ వస్తువు ప్రకృతి కథలో అవసరమైన భాగమైతే మినహాయింపు ఇచ్చారు. మన ఇనుప స్టాండు ఆ మినహాయింపులోదే!

కంప్యూటరులో చెరపడం కంటే ఘోరమైనది ఒకటుంది. గూడు బాగా కనబడాలని అడ్డమున్న కొమ్మలు విరిచేవాళ్ళు ఉన్నారు. ఆ కొమ్మే పిల్లలకు నీడ, కాకికి కనబడనివ్వని చాటు. ఎండలో రంగుల కొంగ తల్లి రెక్కలు చాపి పిల్లలకు గొడుగు పడుతుంది. ఆ శ్రమ చూసిన వాడికి కొమ్మ విరవబుద్ధి కాదు. అలా తీసిన ఫోటో ఎంత బాగున్నా మేము వేయము.

ఇదంతా పిట్టల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన గ్రూపు ఫోటోలే చూడండి. ఇదివరకు స్టూడియోకు వెళితే వెనక కాశ్మీరు సరస్సు తెర కట్టేవారు, అందరం కాశ్మీరులో చదువుకున్నట్టే ఉండేది. వరండాలో తీసినవాటిలో కిటికీకి ఆరేసిన లుంగీలు, వరుసగా ట్రంకు పెట్టెలు, పెచ్చులూడిన గోడ కనబడతాయి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు ముఖాల తర్వాత వేలు పెట్టి వెతికేది వాటినే, “అదిగో నా పెట్టె” అని. స్నానాల గది తలుపు ఊడిందని అర్జీ పెట్టేటప్పుడు ఫోటోలో ఊడిన తలుపు చెరిపి పంపుతామా?

వచ్చే ఏడాది సంచికకు ఫోటోలు పంపే తమ్ముళ్ళు వెనక ఊరి పేరు, తేదీ, పిట్ట దేని మీద కూర్చుందో రాయండి. కరపత్రానికో, ఆహ్వాన పత్రికకో చెరిపి వాడుకుంటే మాకు అభ్యంతరం లేదు, “మార్చిన చిత్రం” అని ఒక మాట వేస్తే చాలు. అసలు ఫోటో మాత్రం పారేయకుండా హాస్టల్ లైబ్రరీ కంప్యూటరులో ఒక ప్రతి దాచండి.

– సంపాదకవర్గం