మన భాష - మన పిల్లలు: చంపబడిన రావణుడు

పిల్లల ఇంగ్లీషు హోంవర్కులో పాసివ్ వాయిస్ రాగానే మనకు చిన్ననాటి తెలుగు క్లాసు గుర్తొస్తుంది. "రామునిచేత రావణుడు చంపబడెను." కర్మణి ప్రయోగమంటే ఇదేనని వాళ్ళకూ నేర్పేస్తాం. కానీ ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? "రావణుణ్ణి రాముడు చంపాడు" అంటాం, అంతే.

ఇంగ్లీషులో రాముడు, రావణుడు చోట్లు మార్చుకుంటే కథే తిరగబడుతుంది. రావణుణ్ణి ముందు నిలపాలంటే క్రియను మార్చి "వాజ్ కిల్డ్ బై" అనక తప్పదు. మనకు ఆ "ణ్ణి" ఉంది గనుక మాట ఎక్కడున్నా చచ్చినవాడెవరో తెలిసిపోతుంది. పిల్లలకు ముందు ఈ తేడా చెప్పండి, తర్వాతే "బడు" జోలికి వెళ్ళండి.

పాసివ్‌కు ఇంకో ఉపయోగం, చేసినవాణ్ణి దాచడం. ఇరాన్‌కు ఆయుధాల వ్యవహారంపై 1987లో అధ్యక్షుడు రీగన్ పొరపాట్లు జరిగాయన్నారు, పాసివ్‌లోనే. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. ఈ విద్యకు మన పిల్లలకు వ్యాకరణం అక్కర్లేదు. "గ్లాసు పగిలిందమ్మా!" అంటారు. "పగలగొట్టాను" అని మాత్రం అనరు. ఎవడైనా "పగలగొట్టబడింది" అన్నాడంటే, వాడు ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెబుతున్నాడన్నమాట. గ్లాసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.