మా గూడేనికి ఫైబర్ ఎప్పుడు? ముందు గూడేన్ని ఊరిగా లెక్కపెట్టండి



ఈ పోస్టు గూడెంలో రాసుకుని, అరగంట కొండెక్కి, సిగ్నల్ బండ దగ్గర కూర్చుని పెడుతున్నాను. మీలో చాలామందికి ఇది కొత్తేం కాదు. పాడేరు మన్యంలో ఇలాంటి బండో, చెట్టో లేని గూడెం తక్కువ.

డిగ్రీలో నాతో చదివిన ఒక ఫ్రెండు పోయిన నెల విశాఖలో ఇల్లు మారాడు. ఫోన్లో అడ్రస్ కొట్టాడు, రెండు రోజుల్లో మనిషొచ్చి ఇంట్లోకి ఫైబర్ తీగ లాగి వెళ్లిపోయాడు. సరే, నేనూ చూద్దామని కొట్టాను. పిన్‌కోడ్ అడిగింది, ఇచ్చాను. "మీ ప్రాంతంలో సేవ అందుబాటులో ఉంది" అని వచ్చింది! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా పిన్‌కోడ్ కింద ఎన్ని కొండలున్నాయో ఆ కంప్యూటర్‌కేం తెలుసు. మండల కేంద్రంలో రెండు వీధులకు తీగ ఉంటే పిన్‌కోడ్ మొత్తానికి వచ్చేసినట్టే. తర్వాత వీధి పేరు, ఇంటి నంబరు అడిగింది. గూడేనికి వీధి పేరేటి? ఫోన్ చేస్తే "లొకేషన్ పంపండి సార్" అన్నారు. బండ దగ్గరికెళ్లి పంపాను. ఇప్పటికీ జవాబు లేదు.

పంచాయతీ ఆఫీసుకెళ్లాను. గోడకి ఒక పెట్టె ఉంది, దాని మీద అక్షరాలు చెరిగిపోయాయి, లైటు వెలగదు. ఎవరిదని అడిగితే "మాది" అన్నవాడు లేడు. ఆ పెట్టె వెలిగినా మా గూడెం అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. మా పంచాయతీలో మొత్తం 14 గూడేలున్నాయి, ఆఫీసు ఉన్నది ఒక్క గూడెంలో.

మోసం సరిగ్గా ఇక్కడే ఉంది మిత్రులారా.

పంచాయతీలకు ఫైబర్ వేసే పథకాన్ని కేంద్ర కేబినెట్ 2011 అక్టోబరులో ఆమోదించింది. అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని, 1000 రోజుల్లో 6 లక్షల ఊళ్లకు ఆప్టికల్ ఫైబర్ అన్నారు. ఆ వెయ్యి రోజులు 2023 మే నెలలో అయిపోయాయి. ఆగస్టులో 1,39,579 కోట్లతో సవరించిన పథకం వచ్చింది. అందులో 2.64 లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామన్నారు, మిగిలిన సుమారు 3.8 లక్షల ఊళ్లకు "డిమాండ్ ఉంటే" ఇస్తామన్నారు.

రెండూ కలపండి, సుమారు 6.4 లక్షలు వస్తాయి. 2011 జనగణనలో ఊళ్ల సంఖ్య కూడా దాదాపు అంతే. అంటే వాళ్ల దృష్టిలో ఊరంటే రెవెన్యూ రికార్డులో ఉన్న ఊరు. ఒక రెవెన్యూ ఊరి కింద కొండకొకటి చొప్పున పడున్న మన గూడేలు ఆ జాబితాలో ఎక్కడున్నాయి? పంచాయతీ ఆఫీసు గోడకి పెట్టె కొడితే కాగితం మీద 14 గూడేలకూ ఫైబర్ వచ్చినట్టే. అందుకే "మా ఇంటికి ఎప్పుడు" అని అడిగితే ఎవరి దగ్గరా తేదీ ఉండదు. లెక్కలో లేని ఇంటికి తేదీ ఎవరిస్తారు?

కానీ చట్టం ఇంకోలా చెప్తోంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(బి) చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక గూడెమైనా, కొన్ని గూడేల గుంపైనా ఊరే. పార్లమెంటు చేసిన చట్టానికి మా గూడెం ఊరైనప్పుడు, అదే ప్రభుత్వం వేసే తీగకి ఎందుకు కాదు?

ఇంకో సాకు అడవి. "ఫారెస్ట్ పర్మిషన్ రాదండీ" అంటారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో 13 సౌకర్యాలు రాశారు. బడి, అంగన్‌వాడీ, రోడ్డుతో పాటు కరెంటు, టెలిఫోన్ లైన్లు కూడా అందులో ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు కంటే తక్కువ అటవీ భూమి, హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. స్తంభాల మీద పోయే తీగకి ఎన్ని చెట్లు కొట్టాలి చెప్పండి?

మా మావయ్య ఒకటే మాట అంటాడు: "ఏటిరా అల్లుడూ, రోడ్డే లేదు, డోలీ మోస్తన్నాం, నీకు తీగ కావాలా?" మావయ్య మాటని తీసిపారేయలేను. రోడ్డు కావాలి, ముందు కావాలి. కానీ ఆన్‌లైన్‌కి మనం కోరి వెళ్లలేదు, వాళ్లే నెట్టారు. ఉపాధి పనికి 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో హాజరు వేయాలన్నారు. రేషన్‌కి వేలిముద్ర, స్కాలర్‌షిప్‌కి ఆన్‌లైన్ అప్లికేషన్. ఇదే మావయ్య మొన్న ఈకేవైసీ కోసం రెండు రోజుల కూలి వదులుకుని మండలానికి తిరిగాడు. మొదటి రోజు సర్వర్ లేదన్నారు. ఆ రెండు రోజుల కూలి ఏ లెక్కలో రాసుకోవాలి?

ఇది దానం కూడా కాదు. టెలికం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాలి. నెట్ రాని చోటికి నెట్ తేవడానికే ఆ నిధి, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. సిగ్నల్ లేకపోయినా మనం రీఛార్జ్ చేయిస్తూనే ఉన్నాం కదా, అందులో మన పైసలూ ఉన్నాయి.

"డిమాండ్ ఉంటే" అన్నారు కదా, డిమాండ్ చేద్దాం. నోటితో కాదు, కాగితం మీద. ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టి తీర్మానం రాయండి. గూడెం పేరు, ఇళ్ల సంఖ్య, బడి, అంగన్‌వాడీ ఉన్నాయా, దగ్గరి కరెంటు స్తంభం ఎంత దూరం, అన్నీ రాయండి. సెక్షన్ 3(2) కింద మా సిఫారసు ఇదే అని కూడా అందులోనే రాసేయండి, రేపు అడవి సాకు చెప్పకుండా. తర్వాత 10 రూపాయలతో ఆర్టీఐ వేయండి: మా పంచాయతీకి ఫైబర్ ఎప్పుడు వచ్చినట్టు రాసుకున్నారు, ఇవాళ పనిచేస్తోందా, చెడిపోతే బాగుచేయాల్సింది ఎవరు, మా గూడెం పేరు జాబితాలో ఉందా, లేకపోతే ఎందుకు లేదు. జవాబుకి 30 రోజుల గడువుంది. తీర్మానం ఇచ్చినప్పుడు రశీదు లేకుండా గడప దిగొద్దు. "చూస్తాంలే బాబూ" అనేది రశీదు కాదు.

మా గూడెం తీర్మానం నిన్న రాత్రి అయిపోయింది. 22 సంతకాలు, 37 వేలిముద్రలు. మావయ్యదీ ఉంది, "రోడ్డు సంగతి కూడా రాయరా" అని దగ్గరుండి రాయించుకున్నాక వేశాడు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాను. రశీదు ఫోటో ఇక్కడే పెడతాను. మంగళవారం దాకా ఆగండి, మళ్లీ కొండెక్కాలి.