దిగిరాని కోరపన్ను

కోనసీమనుంచి ఒక తల్లి రాశారు. వారి అమ్మాయికి 13 ఏళ్ళు నిండాయి. పైవరసలో ఎడమ కోరపన్ను ఇంకా రాలేదు, పాలపన్ను కదలకుండా అలాగే ఉంది. ఎక్స్‌రే తీస్తే అసలు పన్ను అంగిలివైపు ఏటవాలుగా పడుకుని ఉందట. తీయించేసి కట్టుడుపన్ను పెట్టిద్దామని ఇంట్లోవాళ్ళు అంటున్నారట.

తొందరపడకండమ్మా. పైకోరపన్ను ఆలస్యంగానే వస్తుంది, 11, 12 ఏళ్ళకు గాని కనబడదు. దవడ ఎముకలో చాలా ఎత్తున పుట్టి దిగిరావాలి మరి. నూటికి ఒకరిద్దరిలో అది దారి తప్పుతుంది. మగపిల్లలకంటె ఆడపిల్లల్లో ఎక్కువ.

చిన్నపిల్లలున్న తల్లులు ఒకటి గుర్తుంచుకోవాలి. 10 ఏళ్ళ పిల్ల పైపెదవి ఎత్తి, పాలకోరపన్నుకు పైన చిగురుమీద వేలితో తడిమితే చిన్న ఉబ్బు తగలాలి. ఒకవైపు తగిలి రెండోవైపు తగలకపోతే దంతవైద్యుడికి చూపించండి. స్వీడన్ వైద్యులు ఎరిక్సన్, కురోల్ 1988లో ప్రచురించిన పరిశీలనలో 10 నుంచి 13 ఏళ్ళ పిల్లలకు పాలకోరపన్ను మాత్రం తీసి చూశారు. అంగిలివైపు దారితప్పిన 46 పళ్ళలో 36 వాటంతటవే దారికి వచ్చాయి! ఊడిన పాలపన్నును పేడలో చుట్టి కప్పుమీదికి విసిరేదాకా మనకు హడావిడే. ఊడని పన్ను సంగతే ఎవరికీ పట్టదు.

మీ అమ్మాయికి ఆ అదను దాదాపు దాటింది. ఇక మేలైన పద్ధతి, పైపొర తెరిచి, లోపలి పన్నుకు చిన్న కొక్కెం అంటించి, సన్నని గొలుసుతో పళ్ళకు వేసిన తీగల ఆధారంగా మెల్లగా లాక్కురావడం. ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టవచ్చు. నెలనెలా వెళ్ళాలి. పన్ను ఎముకకు అతుక్కుపోయినా, లాగడానికి వీల్లేనంత అడ్డంగా ఉన్నా అప్పుడు తీయించే మాట. అప్పుడైనా ఎముకలో మర బిగించే పన్ను ఈ వయసులో వద్దు. దవడ ఇంకా ఎదుగుతుంది, పెట్టిన పన్ను ఎదగదు.

చిగురు సంగతి చాలామంది అడగరు. పంటి మెడచుట్టూ ఉండే గట్టి గులాబిరంగు చిగురే దానికి కాపు. పన్ను పెదవివైపు దాగినప్పుడు అడ్డమొచ్చిందని ఆ చిగురును కోసి పారేస్తే, తరవాత వేరు బయటపడవచ్చు. దాన్ని పొరగా లేపి, కొక్కెం అంటించి, తిరిగి కుట్టాలి. మీ అమ్మాయికిలాగ అంగిలివైపు ఉంటే ఆ భయం తక్కువ, అక్కడి పొరంతా గట్టిదే.

పళ్ళు తోముతుంటే రక్తం వస్తోందా? ముందు గార తీయించి, చిగుళ్ళు బాగయ్యాకే తీగలు వేయించండి. వేపపుల్ల మంచిదేగాని తీగల సందుల్లోకి పోదు. మెత్తని బ్రష్షు కావాలి. తేగలు, చెరుకుముక్కలు, మామిడితాండ్ర తీగలు తీసేదాకా దూరం. పూతరేకులు తినవచ్చు, తిని నోరు పుక్కిలించాలి.

ఈ పనికి తీగలు వేసేవారు, కోత చేసేవారు, చిగుళ్ళు చూసేవారు కలిసి ఆలోచించాలి. రాజమండ్రి దగ్గర రాజానగరంలోను, భీమవరంలోను ఉన్న దంతవైద్య కళాశాలల్లో ఈ విభాగాలన్నీ ఒకచోటనే ఉంటాయి. వెళ్ళినప్పుడు పక్కపంటి వేరు ఎలా ఉందో మొదట అడగండి. దారి తప్పిన కోరపన్ను ఆ వేరును నొప్పి తెలియకుండానే అరగదీస్తుంది. అలాంటి జాడ కనిపిస్తే సెలవులదాకా ఆగవద్దు.