వీడియో కూర్పుకు పెద్ద కత్తెర కావాలా?

గరివిడి: ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం పేరు చెబితే గరివిడిని గుర్తుపట్టే రోజులుండేవి. తర్వాత పశువైద్య కళాశాల మరో గుర్తు అయింది. ఇప్పుడు ఈ ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చిన్నపాటి ఉద్యోగం, వ్యాపారం చేసుకునేవారి నెత్తిన కొత్త పని ఒకటి వచ్చి పడింది. అది వీడియో తీసి పంపడం. అంగన్‌వాడీ కార్యకర్త పోషకాహారం గురించి తల్లులకు చూపాలి. పశువైద్య సహాయకుడు టీకా సంగతి పాడి రైతులకు చెప్పాలి. పొదుపు సంఘం మహిళలు తాము పెట్టిన పచ్చళ్లు, కుట్టిన గోగునార సంచులు పట్నంలో కొనేవారి కంటికి కనిపించేలా చేయాలి.

తీయడం కష్టం కాదు. ఫోను ఎత్తి పట్టుకుంటే బొమ్మ పడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. పది నిమిషాలు తీసినదాంట్లో పనికొచ్చేది రెండు నిమిషాలు. మిగతాది కోసి పారేయాలి, ఉంచినది వరుసలో పెట్టాలి. సినిమావారు దీనినే కూర్పు అంటారు. ఇది చేతకాక కొందరు పది నిమిషాలూ అలాగే పంపిస్తారు. చూసేవారు మొదటి నిమిషంలోనే విసిగి ఆపేస్తారు. మరికొందరు పెళ్లి వీడియోలు చేసే స్టూడియోను ఆశ్రయిస్తారు. నెలకు నాలుగైదు వీడియోలు కావలసినవారికి ఆ ఖర్చు తలకు మించిన భారమే. కనుక తొలిసారి ఈ పనికి దిగేవారు ఏ సాధనం ఎంచుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. మన మాట మనమే చెప్పుకోవడమా, మరొకరి చేతిలో పెట్టడమా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

పస్తాపూర్ నేర్పిన పాఠం

ఈ ప్రశ్నను మనకన్నా ముందే ఎదుర్కొన్న తెలుగు పల్లెలున్నాయి. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ఫోనులో వీడియో అన్న మాటే తెలియని కాలంలో, దళిత మహిళా రైతులకు వీడియో కెమెరా పట్టడం నేర్పింది. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023లో కన్నుమూశారు.

ఆ మహిళల్లో పలువురికి చదువు రాదు. కెమెరా పాఠాల్లోని ఇంగ్లీషు మాటలు వారికి అక్కరకు రాలేదు. అందుకని తమ బతుకులోంచే మాటలు తీసుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీసేది ‘పటేల్ షాట్’. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గదా! 2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చినప్పుడు వరంగల్ జిల్లా రైతుల అనుభవాలను చిత్రించి చూపినవారు ఈ మహిళలే.

మనం గ్రహించవలసింది ఒకటే. సాధనం ఎంత గొప్పదని వారు చూడలేదు. అది తమ పనికి, తమ మాటకు లొంగిందా లేదా అని చూశారు. గరివిడిలోనైనా కొలబద్ద అదే కావాలి.

ఎంత కావాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. గాలికుంటు వ్యాధి గురించి పశువైద్య సహాయకుడు రెండు నిమిషాల వీడియో చేయాలనుకున్నాడు. మొదట చొంగ కారుస్తున్న పశువు నోరు, తర్వాత గిట్టల మధ్య పుండు, ఆపైన పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో కడగడం, చివరికి ఆరు నెలలకొకసారి టీకా వేయించమన్న మాట. అంటే నాలుగు ముక్కలు.

దీనికి సాధనం చేయవలసిన పనులు నాలుగే. అక్కరలేనిది కోయడం, ముక్కలను వరుసలో అతకడం, గాలి హోరు తగ్గించి మాట వినిపించేలా చేయడం, తెర మీద తెలుగు అక్షరాలు వేయడం. మెరుపులు, గిరగిర తిరిగే అక్షరాలు, రంగుల మార్పిడులు ఇందులో లేవు. అవి ఎక్కువగా ఉన్న సాధనాన్ని ఎంచుకుంటే నేర్చుకునే సమయం పెరుగుతుందే గాని రైతుకు ఒరిగేది ఉండదు. సినిమాలకు వాడే డావిన్సీ రిజాల్వ్ అనే సాధనం ఉచితంగానే దొరుకుతుంది. కాని దానికి బలమైన కంప్యూటరు కావాలి, నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. టీకా వీడియోకు దానిని వాడడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఉచితం వెనుక మతలబు

ఫోనులో వాడే కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. కాని ఉచితంగా వాడుకుంటే వీడియో మీద తమ ముద్ర వేస్తాయి. ఇంట్లో వీడియోకు ఫరవాలేదు. ప్రభుత్వ శాఖ ప్రచారం మీద, సంఘం సరుకు మీద వేరొకరి ముద్ర ఉంటే చూసేవారికి నమ్మకం తగ్గుతుంది. ఆ ముద్ర పోవాలంటే కొన్నింటిలో చందా కట్టాలి.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ముద్ర లేని ‘మోడ్’ రకం ఇదిగో అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటాయి. వాటిని ఎవరు మార్చారో, లోపల ఏం పెట్టారో తెలియదు. బ్యాంకు ఖాతా, ఫోన్‌పే ఉన్న ఫోనులోనే ఇలాంటివి ఎక్కించుకుంటే, ఓటీపీలు దొంగల చేతికి పోయే అవకాశం ఉంది. వందల రూపాయల చందా తప్పించుకోబోయి పొదుపు సొమ్మంతా పోగొట్టుకోవడం తెలివి కాదు. ప్లే స్టోర్‌లో లేనిది ఫోనులోకి రానీయకూడదు.

మరో సంగతి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ సంగతి అందరికీ గుర్తుంది. వీడియో కూర్పుకు వాడే వివావీడియో కూడా అదే జాబితాలో ఉందన్న సంగతి చాలామంది మరచిపోయారు. కంప్యూటర్లలో ఏళ్ల తరబడి వాడిన విండోస్ మూవీ మేకర్‌ను 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ నిలిపివేసింది. ఏ సాధనమూ శాశ్వతం కాదు. కాబట్టి పూర్తయిన వీడియోను, మొదట తీసిన ముక్కలను వేరేచోట దాచుకోవాలి. కూర్పు సగంలో ఉండగా అసలు ముక్కలు చెరిపేస్తే చేసిన పనంతా వృథా అవుతుంది. సాధనం ఆ ముక్కలను చూసుకునే పనిచేస్తుంది గనుక.

ఎవరికి ఏది?

ఫోను ఒక్కటే ఉన్నవారికి యూట్యూబ్ క్రియేట్ మంచి మొదలు. 2023లో మొదట వచ్చిన దేశాల్లో మనదీ ఒకటి. ఉచితం, ముద్ర వేయదు, వాడుకోదగిన సంగీతం అందులోనే ఇస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉన్న చిన్న వ్యాపారులు 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎడిట్స్‌ను చూడవచ్చు. అదీ ముద్ర వేయదు.

ఆఫీసులోనో బడిలోనో కంప్యూటరు ఉంటే దారి వేరు. విండోస్ 11 ఉన్నదాంట్లో క్లిప్‌చాంప్ సిద్ధంగా ఉంటుంది. కాని దానికి ఇంటర్నెట్ కావాలి. నెట్టు వచ్చీ రాని చోట షాట్‌కట్, ఓపెన్‌షాట్ మేలు. ఒకసారి దించుకుంటే నెట్టు లేకపోయినా పనిచేస్తాయి, పైసా కట్టనక్కరలేదు. ఏది తీసుకున్నా నెలపాటు దానినే అంటిపెట్టుకోవాలి. వారానికొకటి మార్చేవారికి ఏదీ పట్టుబడదు.

ఒత్తులు చెదరకుండా

తెలుగువారు తప్పనిసరిగా చూడవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. కొన్ని సాధనాల్లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అందుకని ముందుగా ‘విజయనగరం జిల్లా, స్త్రీ శక్తి, వ్యవసాయం’ అని కొట్టి చూడాలి. సరిగా వస్తేనే ఆ సాధనం మనది. ఉచితంగా దొరికే తెలుగు అక్షర రూపాల్లో గురజాడ, గిడుగు అనే పేర్లవి కూడా ఉన్నాయి. వాడుక భాష కోసం నిలబడిన మన ప్రాంతపు పెద్దల పేర్లవి. అక్షరాలు వారి పేరున వేసుకుని, మాట మాత్రం ఆఫీసు కాగితం భాషలో చదివితే ఏం లాభం? రైతుతో గట్టు మీద మాట్లాడినట్టే వీడియోలోనూ మాట్లాడాలి.

మరికొన్ని జాగ్రత్తలు. ఫుల్ హెచ్‌డీలో ఒక నిమిషం తీస్తే ఫోనులో సుమారు వంద మెగాబైట్లు పడుతుంది. వాట్సాప్‌లో చూసేవారికి అంతకన్నా తక్కువ నాణ్యత చాలు. అసలు ముక్కలను ఒకరికొకరు పంపుకునేటప్పుడు మాత్రం డాక్యుమెంటుగా పంపాలి. లేకుంటే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. సినిమా పాటలు వెనక పెట్టకూడదు, హక్కుదారులు అభ్యంతరం చెప్పవచ్చు. పిల్లల ముఖాలు, రోగుల ముఖాలు, ఆధార్ కార్డులు తెర మీదకు రానీయకూడదు.

చేయవలసింది

వీడియోలు పంపమని అడిగే అధికారులు నేర్పించే బాధ్యతా తీసుకోవాలి. దీనికి పెద్ద పథకం అక్కరలేదు. మహిళా సమాఖ్య సమావేశం అయ్యాక ఒక పూట, బడి వదిలాక ఒక గంట చాలు. పశువైద్య కళాశాల విద్యార్థుల వంటి యువకులు ఫోను పట్టుకుని పక్కన కూర్చుంటే, నాలుగు ముక్కలు అతకడం ఎవరికైనా వచ్చేస్తుంది. వీడియో పనికి పట్టే సమయాన్ని ఉద్యోగి పనిగంటల్లోనే లెక్కించాలి. రాత్రి పది దాటాక ఇంట్లో కూర్చుని సొంత డేటాతో చేయమనడం న్యాయం కాదు.

పస్తాపూర్ మహిళలకు అవకాశం దొరికింది, వారు నిలబెట్టుకున్నారు. ఇక్కడి మహిళలకు, చిన్న ఉద్యోగులకు ఆనాటి కెమెరా కన్నా సులువైన సాధనం చేతిలోనే ఉంది. కావలసిందల్లా పక్కన కూర్చుని మొదటి ముక్క కోసి చూపించే మనిషి.